పాత కారుకు సొంత చెయ్యి



మారుతి 800 తొలి కారు తాళాలను 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ కొన్నవారి చేతికి అందించారు. 2014 జనవరిలో ఆ మోడల్ తయారీ ఆగిపోయింది. హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో 2010 ఏప్రిల్ నుంచి బీఎస్-4 కాలుష్య నిబంధనలు రావడంతో అక్కడ అమ్మకాలు అప్పుడే నిలిచిపోయాయి. అంటే ఇంటి ముందున్న మారుతి ఎంత కొత్తదైనా పదేళ్లు దాటినదే. హైదరాబాద్‌లో కొత్తగా కొన్నదైతే పదిహేనేళ్లు నిండినదే. ఈ వయసు కారును నడిరోడ్డు మీద నిలబెట్టేవి చాలావరకు చిన్న సంగతులు: ఎండి బీటలు వారిన రబ్బరు గొట్టం, పొడి పేరుకున్న బ్యాటరీ టెర్మినల్, నెలల తరబడి ఎవరూ చూడని ఆయిల్ మట్టం. వీటిని కనిపెట్టడానికి మెకానిక్ అక్కర్లేదు. వారానికి పావుగంట చాలు.

సొంత రిపేరుకు ఒక హద్దు ఉంది. కారును నడిపించే భాగాల పని, అంటే ఆయిల్, ప్లగ్గులు, ఫిల్టర్లు, బ్యాటరీ, బల్బులు, ఇంట్లో చేసుకోవచ్చు. పొరపాటు జరిగితే కారు కదలదు, అంతే. కారును ఆపే, తిప్పే భాగాల పని, అంటే బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షన్, షెడ్డుకు వదలాలి. అక్కడ పొరపాటు జరిగితే కారు ఆగదు.

సామాను పెద్దగా అక్కర్లేదు. 10, 12, 14, 17 సైజుల స్పానర్లు, ప్లగ్గు స్పానర్, స్క్రూడ్రైవర్లు రెండు, కటింగ్ ప్లేయర్, టైరు గాలి చూసే గేజ్, టార్చిలైటు, పాత బనియన్ గుడ్డలు. జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. దాని మీద లేచిన కారు కిందకు ఎవరూ దూరకూడదు. కింద పని ఉంటే ఇనుప స్టాండ్లు పెట్టి, చక్రాలకు అడ్డు రాళ్లు వేసి, హ్యాండ్ బ్రేక్ లాగిన తర్వాతే.

మొదట చూడవలసింది ఇంజిన్ ఆయిల్. పొద్దున, కారు తీయక ముందు, చదునైన నేల మీద చూడాలి. డిప్‌స్టిక్ బయటికి లాగి గుడ్డతో శుభ్రంగా తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయాలి. మొదటిసారి తీసినప్పుడు కనిపించే తడి నమ్మదగినది కాదు, పుల్ల పొడవునా పాకి ఉంటుంది. రెండోసారి తడి రెండు గుర్తుల మధ్య ఆగాలి. కింది గుర్తుకు దిగితే ఆయిల్ పోయాలి, పై గుర్తు దాటేలా మాత్రం పోయకూడదు. నల్లబడిన ఆయిల్ చూసి కంగారు పడనక్కర్లేదు, అది మసిని మోస్తోందన్న మాట. మూత లోపలి వైపు పాలమీగడలా తెల్లని జిగురు పట్టుకుని, కూలెంట్ కూడా తగ్గుతూ ఉంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఆ కారును ఇక నడపకుండా మెకానిక్‌ను పిలవాలి. ఆయిల్, ఫిల్టర్ 5,000 కిలోమీటర్లకో ఆరు నెలలకో, ఏది ముందొస్తే అప్పుడు, కలిపి మార్చాలి. కొత్త ఫిల్టర్ రబ్బరు చుట్టుకు కాస్త ఆయిల్ రాసి చేత్తోనే బిగించాలి. తీసిన ఆయిల్ మురికికాలువలో పోయకూడదు. వాడిన ఆయిల్ కొనేవాళ్లకు ఇచ్చేయాలి.

సైలెన్సర్ పొగ కూడా ఇంజిన్ ఆరోగ్యాన్ని చెబుతుంది. నీలం పొగ ఆయిల్ కాలుతోందని, నల్ల పొగ పెట్రోలు ఎక్కువ పడుతోందని, వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ కూలెంట్ లోపలికి దిగుతోందని గుర్తు. శీతాకాలం ఉదయం కాసేపు కనిపించి పోయే ఆవిరి లెక్కలోకి రాదు.

తెలుగు నేల ఎండలకు పాత కారులో ముందు దెబ్బతినేది రేడియేటర్. ఇంజిన్ వేడిగా ఉండగా దాని మూత తీయకూడదు. లోపల ఒత్తిడిలో ఉన్న నీరు ఒక్కసారిగా చిమ్మి ముఖం, చేతులు కాలుస్తుంది. చల్లారాక పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో మట్టం చూస్తే చాలు. బోరు నీళ్లు పోసే అలవాటు మానాలి. ఆ నీటిలోని ఉప్పు సన్నని గొట్టాల లోపల పొరలు పొరలుగా పేరుకుని వేడిని బయటికి పోనివ్వదు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం కలిపి పోయాలి. వేసవికి ముందే రబ్బరు గొట్టాలను చేత్తో నొక్కి చూడాలి. ఉబ్బి మెత్తబడినా, గట్టిపడి పగుళ్లు కనిపించినా మార్చేయాలి. ట్రాఫిక్‌లో ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతూ, రోడ్డు ఖాళీ కాగానే దిగుతుంటే తప్పు సాధారణంగా రేడియేటర్ ఫ్యాన్‌ది, దాని స్విచ్‌ది లేదా ఫ్యూజ్‌ది.

సెల్ఫ్ కొట్టినప్పుడు టక్‌టక్ మని ఆగిపోతే బ్యాటరీ చచ్చిందని వెంటనే తేల్చకూడదు. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పొడి కూడా ఆ పనే చేస్తుంది. ముందు నెగటివ్ కేబుల్, తర్వాత పాజిటివ్ విప్పాలి. గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పొడి నురగలు కక్కుతూ కరిగిపోతుంది. ఆ నీరు బ్యాటరీ సెల్ మూతల్లోకి పోకూడదు. ఆరబెట్టి, ముందు పాజిటివ్, తర్వాత నెగటివ్ బిగించి, పైన పలచగా వాసలిన్ రాస్తే నెలల పాటు బాధ ఉండదు. శుభ్రం చేశాక కూడా హెడ్‌లైట్లు మసకగా వెలుగుతుంటే బ్యాటరీ షాపులో లోడ్ టెస్టు చేయించాలి.

మారుతి 800లో సిలిండర్లు మూడే, ప్లగ్గులూ మూడే. ఒక్కొక్కటిగా తీసి చూసి, దాన్ని పెట్టాకే తర్వాతది తీయాలి. లేకపోతే వైర్లు తారుమారవుతాయి. ప్లగ్గు కొన గోధుమ రంగులో ఉంటే మంట సరిగా ఉంది. పొడి మసి పట్టితే ఎయిర్ ఫిల్టర్ మూసుకుందేమో, కార్బురేటర్ కారులోనైతే చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదేమో చూడాలి. ఆయిల్ తడి ఉంటే రింగులో వాల్వ్ సీళ్లో అరిగాయి. సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే పెట్రోలు చాలక ఇంజిన్ అతిగా వేడెక్కుతోంది. కొత్త ప్లగ్గును ముందు వేళ్లతోనే మరలోకి ఎక్కించాలి. అల్యూమినియం హెడ్‌లో మర చెడితే ఆ ఖర్చు ప్లగ్గు ధరకు ఎన్నో రెట్లు.

పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. పాత కార్ల రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ వాషర్లు ఆ లెక్కకు చేసినవి కావు. ఇథనాల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. అందుకే నెలకు రెండుసార్లయినా కారును అరగంట తిప్పాలి. పెట్రోలు గొట్టాలు చెమర్చినా, బానెట్ తెరవగానే వాసన కొట్టినా ఆ రోజే మార్పించాలి. దాన్ని వాయిదా వేయడమంటే నిప్పుతో ఆటే.

టైర్లలో గాలి వారానికోసారి, చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే చట్టప్రకారం ఆ టైరు పనికిరాదు. తక్కువ తిరిగే కారులో టైరు గాడులు బాగానే కనిపిస్తాయి, రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. టైరు పక్కన ఉండే కోడులో చివరి నాలుగు అంకెలే దాని పుట్టిన తేదీ: 2319 అంటే 2019లో 23వ వారం. స్టెప్నీకి కూడా ఈ తనిఖీలన్నీ వర్తిస్తాయి. ఒక అంచే అరిగిపోతుంటే అలైన్‌మెంట్ చేయించాలి.

బ్రేకుల విషయంలో యజమాని పని గమనించడమే. బ్రేక్ ఆయిల్ మట్టం ఉన్నట్టుండి తగ్గినా, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయినా, తొక్కగానే కారు ఒక పక్కకు లాగినా, ఇనుము రాసుకునే చప్పుడు వచ్చినా కారును అక్కడే ఆపి షెడ్డుకు చెప్పాలి. బ్రేక్ ఆయిల్ నీటి తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకోసారి మొత్తం మార్పించాలి. టైమింగ్ బెల్టును కూడా ఇలాగే గడువు ప్రకారం మార్పించాలి. బయటికి కనిపించదు, చప్పుడు చేయదు, తెగితే ఇంజిన్ ఉన్నపళంగా ఆగుతుంది. సెకండ్‌హ్యాండ్ కారు కొన్నప్పుడు దాన్ని ఎప్పుడు మార్చారో కాగితం లేకపోతే మార్చలేదనే అనుకుని ముందు ఆ పని చేయించాలి.

ఇంజిన్‌ను ఎన్నిసార్లయినా బాగుచేయవచ్చు. తుప్పు తినేసిన బాడీ తిరిగి రాదు. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇది మరీ వేగం. వానాకాలం ముందు మ్యాట్లు ఎత్తి కింద తడి ఉందేమో తడిమి చూడాలి. తలుపుల అడుగు అంచున నీరు పోయే చిన్న రంధ్రాలుంటాయి. మట్టితో పూడిపోతే సన్నని తీగతో తెరవాలి. పెయింట్ బుడగలా లేచిన చోట గీకి, ప్రైమర్ వేసి, రంగు పూస్తే వందల్లో పోయే పని, వదిలేస్తే టింకరింగ్ షెడ్డులో వేలకు చేరుతుంది.

విడిభాగాలకు ఇంకా కరువు లేదు. ఓమ్నీ వ్యానులోనూ మారుతి 800లోని 796 సీసీ ఇంజిన్‌నే వాడటం వల్ల విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల చాలావి దొరుకుతాయి. పాత ముక్కను చేత్తో పట్టుకెళ్లి, పక్కపక్కన పెట్టి పోల్చి కొనాలి. బ్రేకు సామాను, టైమింగ్ బెల్టు, ఫిల్టర్లలో నకిలీకి దిగకూడదు.

కాగితాల ఖర్చు కూడా లెక్కలో ఉండాలి. పదిహేనేళ్లు దాటాక ఫిట్‌నెస్ పరీక్ష చేయించి అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ పొడిగింపు రుసుము రూ.5,000, ఇరవై ఏళ్లు దాటిన వాటికి 2025లో రూ.10,000 అయింది. హరిత పన్ను దీనికి అదనం.

చివరగా డాష్‌బోర్డు పెట్టెలో ఒక నోటు పుస్తకం ఉండాలి. తేదీ, మీటరు అంకె, చేసిన పని, పెట్టిన ఖర్చు, నాలుగు గడులు చాలు. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకమే కారును ఉంచుకోవాలో అమ్మాలో చెబుతుంది. ఆయిల్, ప్లగ్గులు, టైర్లు లాంటి అరిగేవాటికే డబ్బు పోతుంటే కారు నిలబడుతుంది. ఏడాదికి పెట్టే ఖర్చు దాని అమ్మకపు ధరను దాటితే దానికి విశ్రాంతి ఇవ్వడమే న్యాయం.