ఇంటి కంప్యూటరుకు ప్రాసెసరు ఎంపిక

"పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని తెలుగు సామెత. "నామ్ బడే ఔర్ దర్శన్ ఛోటే" అని ఉర్దూ మాట్లాడేవారి నానుడి. భాషలు రెండైనా అనుభవం ఒక్కటే. పేరును చూచి వస్తువును కొన్నవాడు నష్టపోతాడని రెండూ హెచ్చరిస్తున్నాయి. ఈ హెచ్చరిక నేడు కంప్యూటరు ప్రాసెసరుకు వర్తించినంతగా మరి దేనికీ వర్తించదేమో!

గార్ల వంటి ఊళ్ళలో ఇంటికి కంప్యూటరు రావడం సామాన్య విషయం కాదు. మిరప, ప్రత్తి అమ్మగా వచ్చిన సొమ్ములో కొంత మిగిల్చి తల్లిదండ్రులు పిల్లల చేతికిస్తారు. విద్యార్థి రైలెక్కి సికింద్రాబాదు వెళ్ళి, పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగాలు కొని, ఇంటివద్ద కూర్చుకోవచ్చు. అంగడివాడు "ఇది ఐ7, తిరుగులేనిది" అంటే తల ఊపి వచ్చేవాడు ఆ సొమ్ముకు న్యాయం చేసినవాడు కాడు. కావున ప్రాసెసరును ఏ విధంగా పరీక్షించి ఎన్నుకోవాలో విద్యార్థినీ విద్యార్థులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాసెసరు పుట్టుక

కంప్యూటరులో లెక్క చేసేది, ఆజ్ఞలను అమలుపరచేది ప్రాసెసరు. తక్కిన భాగాలన్నీ దానికి సమాచారాన్ని అందించేవి, లేదా అది ఇచ్చినదాన్ని చూపేవి. అయ్యగారి సాంబశివరావు గారి సారథ్యంలో 1967లో హైదరాబాదున స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా పేరు, 1969 నాటి టి.డి.సి.-12 అనే కంప్యూటరుతో ముడిపడి ఉంది. ఆ రోజులలో లెక్కచేసే భాగమంతా ఒకే చిప్పులో ఇమిడేది కాదు. 1971లో ఇంటెల్ సంస్థ 4004 అనే చిప్పును విడుదల చేసింది. అందులో సుమారు 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. 1993లో వచ్చిన పెంటియంలో వాటి సంఖ్య 31 లక్షలు. ఆ పెంటియం నిర్మాణంలో ప్రముఖ పాత్ర వహించిన వినోద్ ధామ్ మన దేశంవారే. నేటి చిప్పులలో ఈ సంఖ్య వందల కోట్లకు చేరింది. ఇంటి కంప్యూటర్లకు ఇంటెల్, ఏఎమ్‌డీ అనే రెండు సంస్థల ప్రాసెసర్లే ప్రధానంగా లభిస్తున్నాయి.

పేరును పదవిభాగం చేయుట

వ్యాకరణం చదివిన విద్యార్థికి ప్రాసెసరు పేరు కష్టం కారాదు. సమాసాన్ని విడదీసినట్లే దీనినీ విడదీయవచ్చు. "కోర్ ఐ5-12400ఎఫ్" అనే పేరును తీసుకొందాం. "కోర్" వంశనామం. "ఐ5" తరగతి. "12" తరం, అనగా పన్నెండవ తరానికి చెందినది. "400" ఆ తరంలో దాని స్థానం. చివరి "ఎఫ్" ప్రత్యయం. అట్లే "రైజెన్ 5 5600జి" అన్నప్పుడు మొదటి 5 తరగతిని, 5600 వరుసను, "జి" ప్రత్యయాన్ని తెలుపుతాయి. ఇంటెల్ సంస్థ 2023 చివరినుండి కొన్ని కొత్త ప్రాసెసర్లకు "ఐ" అక్షరం తీసివేసి "కోర్ అల్ట్రా" అని పేరు పెట్టింది. అయినా విడదీసే పద్ధతి మారలేదు.

అంగడిలో మనకు వినిపించేది తరగతి మాత్రమే. అసలు గుట్టు తరంలో ఉంటుంది. 2011లో వచ్చిన కోర్ ఐ7-2600ను, 2022లో వచ్చిన కోర్ ఐ3-12100ను పోల్చి చూడండి. రెండింటిలోనూ నాలుగు కోరులు, ఎనిమిది థ్రెడ్లు ఉన్నాయి. మూలవేగం ఐ7కు 3.4 గిగాహెర్ట్జ్, ఐ3కి 3.3 గిగాహెర్ట్జ్. పేరులోను, మూలవేగంలోను ఐ7దే పైచేయిగా కనిపిస్తుంది. కాని పనిలో ఐ3 దానిని చాలా దూరం వెనుకకు నెడుతుంది. కారణమేమి? గిగాహెర్ట్జ్ అనేది సెకనుకు వేసే అడుగుల లెక్క. ఒక్కొక్క అడుగులో ఎంత దూరం సాగుతుందో ఆ లెక్క చెప్పదు. కొత్త తరం ప్రాసెసరు ఒక్కొక్క అడుగులో ఎక్కువ పని చేస్తుంది. కావున గిగాహెర్ట్జ్‌ను ఒకే తరంలోని రెండింటి మధ్యనే పోల్చాలి.

ప్రత్యయాల అర్థం

ప్రత్యయం మారితే అర్థం మారుతుందని మనకు తెలిసినదే. ఇక్కడ ఖర్చు కూడ మారుతుంది. "ఎఫ్" ఉన్న ప్రాసెసరులో తెరపై బొమ్మ చూపే గ్రాఫిక్స్ భాగం ఉండదు. దానికి వేరుగా గ్రాఫిక్స్ కార్డు కొనక తప్పదు. కార్డు లేకుండా కూర్చితే తెర నల్లగానే ఉంటుంది. రైజెన్ పేర్లలో "జి" ఉంటే మంచి గ్రాఫిక్స్ దానిలోనే ఉన్నట్లు అర్థం. ఇంటెల్ పేర్లలో "కె" ఉంటే వేగాన్ని మనమే పెంచుకొనే వీలున్నట్లు, "టి" ఉంటే తక్కువ విద్యుత్తుతో నడుస్తున్నట్లు గ్రహించాలి. చదువుకొనే విద్యార్థికి "కె"తో సాధారణంగా పని ఉండదు.

కోరులు ఎన్ని కావాలి?

కోరు అంటే ఒక పనివాడు. నాటు వేసే పొలం పెద్దదైతే పదహారు మంది కూలీలు కావాలి. మడి చిన్నదైతే నలుగురు పని చేస్తారు, పన్నెండు మంది గట్టుమీద కూర్చుంటారు. కూలి మాత్రం అందరికీ ఇవ్వాలి. పైగా కొన్ని పనులు పంచుకొనడానికే వీలుకావు. ఒక ఉత్తరాన్ని నలుగురు కలిసి ఒకేసారి వ్రాయలేరు గదా!

తెలుగులో వ్యాసాలు వ్రాయడానికి, ఉర్దూ నస్తాలీఖ్ లిపిలో పుటలు కూర్చడానికి, పాఠాలు వినడానికి, ప్రోగ్రాములు నేర్చుకొనడానికి కొత్త తరానికి చెందిన నాలుగు కోరులు చాలు. వీడియోలు కూర్చేవారికి, పెద్ద ప్రోగ్రాములు వ్రాసేవారికి ఆరు లేదా ఎనిమిది ఉపయోగపడతాయి. రైజెన్ 5 5600జిలో ఆరు కోరులు ఉన్నాయి. అంతకు మించినవి ఆ పనిమీదనే జీవనం సాగించేవారికి.

తూము చిన్నదైతే

చెరువు నిండుగా ఉన్నా తూము చిన్నదైతే చివరి మడికి నీరు అందదు. ప్రాసెసరుకు సమాచారాన్ని అందించే మెమరీ, డిస్కులు తూము వంటివి. సొమ్మంతా ప్రాసెసరుమీదనే పెట్టి, 4 జీబీ మెమరీతో, పాతకాలపు తిరుగుడు డిస్కుతో సరిపెట్టుకొంటే ఆ యంత్రం కుంటుతూనే నడుస్తుంది. ఒక మెట్టు తక్కువ ప్రాసెసరు తీసుకొని, మిగిలిన సొమ్ముతో 16 జీబీ మెమరీ, ఎస్ఎస్‌డీ డిస్కు కొనడం వివేకం.

మదర్‌బోర్డుపై ప్రాసెసరు కూర్చునే గూడును సాకెట్ అంటారు. సాకెట్ సరిపడకపోతే ఎంత మంచి ప్రాసెసరైనా నిరుపయోగమే. ఇంటెల్ పన్నెండు, పదమూడు, పదునాలుగు తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఎల్‌జీఏ 1700 సాకెట్. రైజెన్ 5000 వరుసకు ఏఎమ్4. 2022లో వచ్చిన ఏఎమ్5కు డీడీఆర్5 మెమరీయే కావాలి. కావున ప్రాసెసరును, మదర్‌బోర్డును, మెమరీని ఒక జట్టుగా ఎన్నుకోవాలి.

వాడిన యంత్రాలు కొనేవారికి

కార్యాలయాలు తీసివేసిన కంప్యూటర్లు చవకగా లభిస్తాయి. వాటిని కొనడం తప్పు కాదు. కాని తరం చూడకుండా కొనరాదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు, కొద్ది మినహాయింపులు తప్ప, ఇంటెల్ ఎనిమిదవ తరం గాని, రైజెన్ 2000 వరుస గాని, ఆపైవి గాని కావాలని నియమం. అంతకన్న పాత యంత్రం చేతికి వస్తే లినక్స్ వేసి చదువుకు వినియోగించవచ్చు. దాని ధర మాత్రం దాని వయస్సుకు తగినట్లే ఉండాలి.

కొత్త ప్రాసెసరును సీలు ఉన్న పెట్టెతో కొనడం మేలు. అట్టి వాటికి రెండు సంస్థలూ సాధారణంగా మూడేండ్ల వారంటీ ఇస్తాయి. బిల్లుమీద పూర్తి పేరు వ్రాయించుకోవాలి. మన ప్రాంతపు ఎండలు మరువరాదు. ఫ్యాను తిరుగుతూ వేడిని గదిలోకి పంపుతుందే గాని, ప్రాసెసరును గదికన్న చల్లగా ఉంచలేదు. వేడి హద్దు మీరితే ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకొంటుంది. కావున పెట్టెకు గాలి ఆడేటట్లు చూడాలి, దుమ్ము తుడవాలి, కరెంటు ఒడిదుడుకులకు యూపీఎస్ పెట్టాలి.

ముగింపు

పై విషయాలను నాలుగు ప్రశ్నలుగా గుర్తుంచుకోవచ్చు. నా పని ఏమిటి? దీని తరమేది? దీని ప్రత్యయమేమి చెబుతున్నది? దీని జట్టు సరిపడుతుందా? నాలుగింటికీ జవాబు దొరికిన తరువాతనే ధర అడగాలి.

ఈ నియమం ఇంటికే గాక సంస్థలకూ వర్తిస్తుంది. కళాశాల కంప్యూటరు గదికి కొటేషన్లు పిలిచేటప్పుడు "ఐ5 కంప్యూటరు" అని మాత్రమే వ్రాస్తే పదేండ్ల క్రిందటిది తెచ్చినా అది ఐ5యే. ఆనాడు ఆక్షేపించడానికి మన చేతిలో కాగితం ఉండదు. పూర్తి పేరు, తరం, ప్రత్యయం, మెమరీ, వారంటీ కాలం స్పష్టంగా వ్రాయవలెనని పాలకవర్గం వారికి సవినయంగా మనవి చేస్తున్నాను. పేరును కాక పనిని చూచి కొన్ననాడు రైతు సొమ్ము, కళాశాల సొమ్ము రెండూ సార్థకమవుతాయి.