పీసీ పాతదైనా ఫర్వాలేదు, కంపైలర్‌ను మార్చండి

అన్నయ్య వాడి వదిలేసిన డెస్క్‌టాప్, 2 జీబీ ర్యామ్, 32 బిట్ల విండోస్ 7. ఇంజినీరింగ్, డిగ్రీ కంప్యూటర్స్ చదివే చాలామంది ఇళ్లలో ఉండేది ఇలాంటి సిస్టమే. విజువల్ స్టూడియో వేస్తే మొరాయిస్తుంది కాబట్టి ల్యాబ్‌లో అలవాటైన టర్బో సీ నీలం తెరతోనే సరిపెట్టుకుంటారు. అక్కడే చిక్కు.

టర్బో సీ ప్లస్ ప్లస్ 3.0 1990ల మొదట్లో డాస్ కోసం వచ్చింది. సీ ప్లస్ ప్లస్‌కు తొలి ప్రామాణికం 1998లో గానీ రాలేదు. అందుకే టర్బోలో నేమ్‌స్పేస్ లేదు, వెక్టర్ లేదు. కోడ్‌షెఫ్, హ్యాకర్‌ర్యాంక్‌లలో మీ కోడ్‌ను కంపైల్ చేసేది జీసీసీ. అక్కడ ‘కోనియో డాట్ హెచ్’ అని మొదలుపెట్టారో, మొదటి లైన్‌కే ఎర్రర్. లాజిక్ ఎంత బాగున్నా మార్కులు సున్నా.

కాబట్టి ఇంట్లోనూ జీసీసీయే వాడండి. పాత విండోస్‌లో దీనికి సులువైన దారి కోడ్‌బ్లాక్స్. మిన్‌జీడబ్ల్యూ (విండోస్‌కు జీసీసీ) కలిపి ఇచ్చే 32 బిట్ల సెటప్ తీసుకుంటే కంపైలర్‌ను విడిగా వెతుక్కోనక్కర్లేదు. దేవ్ సీ ప్లస్ ప్లస్ కూడా తేలికైనదే. లైనక్స్ వేసుకోగలిగితే మరీ మంచిది. యాంటీఎక్స్ లాంటివి పాత మెషీన్ల కోసమే తయారయ్యాయి, పైగా ఉద్యోగంలో ఎలాగూ లైనక్స్ తప్పదు.

సిస్టమ్ మరీ నీరసంగా ఉందా? ఫాబ్రిస్ బెలార్ రాసిన టైనీ సీ కంపైలర్ ఉంది. కంపైలింగ్ చిటికెలో అయిపోతుంది. కాకపోతే సీ మాత్రమే, సీ ప్లస్ ప్లస్ రాదు, హెచ్చరికలూ తక్కువే. అచ్చంగా డాస్ మెషీన్ మీదే సరదా ఉన్నవాళ్లకు ఓపెన్ వాట్‌కామ్, 386 నుంచి పైవాటికి డీజేజీపీపీ ఉన్నాయి. అది హాబీ, ప్లేస్‌మెంట్‌కు పెద్దగా పనికిరాదు.

నా దృష్టిలో కంపైలర్‌ను చూడాల్సింది వేగాన్ని బట్టి కాదు, మన తప్పును ఎంత ముందుగా పట్టిస్తుందన్నదాన్ని బట్టి. స్కాన్ఎఫ్‌లో ‘అండ్’ గుర్తు మర్చిపోవడం అందరూ చేసేదే. టర్బో సీ దాన్ని పట్టించుకోదు, ప్రోగ్రామ్ రన్ అయ్యాక తలపట్టుకోవాలి. జీసీసీకి ‘డబ్ల్యూ ఆల్’ ఆప్షన్ ఇస్తే ఫలానా లైన్‌లో పాయింటర్ ఉండాల్సిన చోట ఇంట్ ఉందని కంపైల్ చేసేటప్పుడే చెబుతుంది. కోడ్‌బ్లాక్స్‌లో కంపైలర్ సెట్టింగ్స్‌లో దీనికి ఒక టిక్ పెడితే చాలు.

అయితే జీసీసీ కూడా అన్నీ పట్టేయదు. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామే చూడండి. టర్బోలో ఇంట్ 16 బిట్లు కాబట్టి 8కి 40320 రావాల్సింది -25216 వస్తుంది. జీసీసీలో ఇంట్ 32 బిట్లు. 12 వరకు బాగానే నడిచి, 13 దగ్గర సాధారణంగా 1932053504 చూపిస్తుంది. అసలు జవాబు 6227020800. మైనస్ గుర్తు కూడా లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ‘లాంగ్ లాంగ్’ వాడాల్సింది ఇక్కడే. ఎంబెడెడ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు ఇది మరీ ముఖ్యం: ఏవీఆర్ చిప్ ఉన్న ఆర్డుయినో యూనోలో ఇంట్ ఇప్పటికీ 16 బిట్లే. దానికి వాడే ఏవీఆర్ జీసీసీ మీ పాత పీసీలోనూ నడుస్తుంది.

మరి కాలేజీ ల్యాబ్‌లో ఇంకా టర్బోయే ఉంటే? మేడంతో వాదన పెట్టుకోకండి. ఇంట్లో జీసీసీలో రాయండి, ప్రాక్టికల్స్‌కు రెండు రోజుల ముందు డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌లో టర్బో తెరిచి అవే ప్రోగ్రామ్‌లు ఓసారి నడపండి. ఆగే చోట్లు సాధారణంగా కొన్నే: వేరియబుల్స్ బ్లాక్ మొదట్లోనే ప్రకటించాలి, సీ ప్లస్ ప్లస్ అయితే హెడర్‌కు ‘డాట్ హెచ్’ తగిలించి ‘యూజింగ్ నేమ్‌స్పేస్’ లైన్ తీసేయాలి. రికార్డులో ఏది రాయాలో ల్యాబ్ ఇన్‌చార్జిని అడగండి.