పిల్లల వేగమే మీ వేగం

డెన్వర్‌లో ఉంటూ ఈ వేసవిలో పాపనో బాబునో వెంటబెట్టుకుని ర్యాంపార్ట్ రేంజ్ కొండదారుల్లో డర్ట్ బైకు నడపాలనుకుంటున్నారా? అయితే బండి కొనే రోజున పిల్లల్ని కూడా షాపుకి తీసుకెళ్లండి. ఎదిగే వయసు కదా అని పండగ బట్టలు ఒక సైజు పెద్దవి తీసుకున్నట్టు బండి తీసుకోకూడదు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి. యమహా పీడబ్ల్యూ50 సీటు ఎత్తు దాదాపు 19 అంగుళాలు, హోండా సీఆర్ఎఫ్50ది 22కి కాస్త తక్కువ, సీఆర్ఎఫ్110ది 26. వినడానికి చిన్న తేడాయే. వాలులో బండి ఒరిగినప్పుడు కాలు నేలకి అందడం, అందకపోవడం మాత్రం దాన్నిబట్టే ఉంటుంది. బ్రేకు లివరు కూడా గమనించండి. వేళ్ల కొసలు మాత్రమే తగులుతుంటే అది అందనట్టే లెక్క. పీడబ్ల్యూ50లో యాక్సిలరేటరు ఎంతవరకు తిరగాలో కట్టడి చేసే స్క్రూ ఒకటుంది, మొదట్లో దాన్ని బిగించే ఉంచండి. హెల్మెట్, గాగుల్స్, ఛాతీకీ మోకాళ్లకీ గార్డులు, చీలమండ దాటే బూట్లు లేకుండా బండి స్టార్ట్ చేయనివ్వకండి.

మీరొక్కరే పిల్లతో వెళ్తే ఎవరు ముందు, ఎవరు వెనక? నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. దారి బాగా కనిపించేచోట పాపని ముందు పంపండి. తను పడినా మీ చక్రం తన మీదికి వెళ్లనంత దూరంలో వెనక ఉండండి. చెట్ల మధ్య మలుపులు మొదలవగానే మీరు ముందుకు రావాలి. ఎదురొచ్చే బండికి మొదట కనపడాల్సింది మీరు. వెనక ఇంకొకరున్నారని ఒక వేలెత్తి చూపించండి. మలుపు తిరగ్గానే ఆగి, పాప కనపడేదాకా కదలకండి.

ఇక్కడ చాలామంది నాన్నలు తెలియకుండానే ఒక అన్యాయం చేస్తారు. తాము ఆగి, నీళ్లు తాగి, సేదతీరుతారు. పాప రొప్పుతూ వచ్చి చేరగానే "పద పద" అంటూ బయల్దేరతారు. విశ్రాంతి కావలసింది తనకి కదా! తను హెల్మెట్ తీసి, నీళ్లు తాగి, తనంతట తను "వెళ్దామా?" అనేదాకా ఇంజన్ ఆపి కూర్చోండి. 8,000 అడుగుల ఎత్తులో పెద్దవాళ్లకే ఆయాసం వస్తుంది.

ఈ కొండ మీది నేల శిథిలమై పొడిగా రాలిన గ్రానైటు. పైన రవ్వలా వదులుగా ఉండే గులకలో ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తే చక్రం పక్కకి జారిపోతుంది. రాతిమెట్టు దగ్గర పిల్ల భయపడి ఆగితే వెనకనుంచి అరవకండి. "దిగు నాన్నా, నడిచి చూసొద్దాం" అనండి. ఇద్దరూ మెట్టెక్కి, చక్రం ఎక్కడ పెట్టాలో తననే చూపించమనండి. బండి మీద ఉన్నప్పుడు చూపు రాయి మీద కాకుండా ఆ దారి మీద ఉండాలని ఒక్కసారి చెప్తే చాలు. అప్పటికీ వద్దంటే ఆ మెట్టు మీరే దాటించి బండి చేతికివ్వండి. ధైర్యం లేదని ఇంటికెళ్లి అమ్మతో నవ్వుతూ కూడా అనొద్దు. పిల్లలు అలాంటి మాటని మనం అనుకున్నదానికంటే ఎక్కువకాలం మోస్తారు.

జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నమయ్యేసరికి ఉరుములు మొదలవుతాయి. తెల్లవారగానే వెళ్లి, పాప ఇంకా హుషారుగా ఉండగానే వెనక్కి తిరగండి. పీడబ్ల్యూ50 ట్యాంకులో పట్టే పెట్రోలు 2 లీటర్లే. పైగా అలసిన చేతులు బ్రేకుని సరిగా పట్టలేవు.

ఇంకొక్క సంగతి. ఇక్కడ బండి నేర్చిన పిల్ల సెలవులకి ఇండియాలో ఊరెళ్లగానే మామయ్య స్కూటీ తాళం అడుగుతుంది. మామయ్య ముచ్చటపడి ఇచ్చేస్తాడు కూడా. లైసెన్సు లేని మైనరు రోడ్డు మీద బండి నడిపి పట్టుబడితే, 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద సంరక్షకులకీ బండి యజమానికీ మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడొచ్చు. టికెట్లు కొన్నరోజే మామయ్యకి ఫోన్ చేసి చెప్పేయండి. పాపకి కూడా విమానం ఎక్కకముందే చెప్పండి.