ఈ నెల చరిత్ర పాఠం: టికెట్టు వెనుక మనిషి



19వ శతాబ్దపు అమెరికాలో వింత ప్రదర్శనలకు పేరుమోసిన వ్యక్తి పి.టి. బార్నమ్. 1835లో ఆయన జాయిస్ హెత్ అనే నల్లజాతి బానిస వృద్ధురాలిని ఊరూరా తిప్పి చూపించారు. ఆమె వయసు 161 ఏళ్లనీ, జార్జ్ వాషింగ్టన్‌ను పెంచిన దాది అనీ ప్రచారం చేశారు. జనం ఎగబడ్డారు. 1836లో ఆమె చనిపోయాక శవపరీక్ష చేసిన వైద్యుడు వయసు 80కి మించదని తేల్చారు. ఆ శవపరీక్షకూ బార్నమ్ టికెట్లు అమ్మారు!

ఇంట్లో చేయించండి: వాషింగ్టన్ పుట్టింది 1732లో. ప్రచారం ప్రకారం అప్పటికి ఆమె వయసెంత? పిల్లలతో లెక్క కట్టించండి. 58 వస్తుంది. లెక్క కుదిరినంత మాత్రాన మాట నిజమైపోతుందా?

తర్వాత అడగండి: ఈ ప్రదర్శనలో డబ్బు ఎవరికి, బాధ ఎవరికి? ఫోన్‌లో వింత వీడియో చూసినప్పుడూ ఈ రెండు ప్రశ్నలూ వేసుకోవడం నేర్పండి.