కోటు వేసుకునేది పిల్ల, ఒప్పుకోవాల్సింది గుర్రం

మద్రాసులో దీపావళి కొత్తబట్టల మీద నాలుగు చినుకులు పడకుండా పండగ వెళ్లడం అరుదు. ఏడాదికి సుమారు 140 సెంటీమీటర్ల వాన పడే ఊరు మనది. అందులో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే కురుస్తుంది. గుర్రపుస్వారీ నేర్చుకునే పిల్లలున్న తల్లిదండ్రులు పురసవాక్కంలో నన్ను ఆపి, "రైన్‌కోటు ఏది కొనమంటారు?" అని అడిగేదీ ఆ రోజుల్లోనే.

మన పేటకు గుర్రాలు కొత్తేమీ కాదు. పక్కనే వేపేరిలో 1903లో మొదలైన మద్రాసు వెటర్నరీ కాలేజీ ఉంది. అక్కడి ఎన్‌సీసీ పిల్లలు స్వారీ నేర్చుకుంటారు. పుదుపేటలో పోలీసు గుర్రాల లాయం ఉంది. మెరీనాలో గస్తీ తిరిగేవి ఆ గుర్రాలే. అయినా వానకోటు కొనేటప్పుడు మనకు గుర్రం గుర్తుకు రాదు, పిల్ల ఒక్కతే గుర్తుకొస్తుంది. మా అమ్మాయి స్వారీ మొదలుపెట్టిన మొదటి ఏడు నేను చేసిన తప్పు అదే.

హైరోడ్డులో స్కూలు బ్యాగుల పక్కన వేలాడుతున్న పసుపు పాంచో ఒకటి తెచ్చాను. తల మీంచి తొడిగేస్తే బ్యాగుతో సహా కప్పేస్తుందని మురిసిపోయాను. మొదటి వానరోజునే గాలి దాని అంచును లేపి గుర్రం నడుం మీద చెళ్లున కొట్టింది. అది ముసలి గుర్రం, పరమ సాధువు. అలాంటిదీ నాలుగడుగులు పక్కకి గెంతింది. గుర్రాన్ని చూసుకునే సైసన్న కళ్లెం అందుకోబట్టి మా అమ్మాయి పడలేదు. ఆయన గుర్రం మెడ నిమురుతూ, "కోటు పాపకి బాగుందమ్మా. దీన్ని అడిగారా?" అన్నాడు.

గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. ఎదురుగా, వెనకగా కొద్ది మేర తప్ప చుట్టూ దాదాపు అంతా దానికి కనిపిస్తుంది. వీపు మీద ఏదో రెపరెపలాడితే, ప్లాస్టిక్కు కరకరలాడితే దానికి అది కోటు కాదు, మీద పడ్డ మృగం. రౌతు కొద్దీ గుర్రం అంటారు. వానలో మాత్రం కోటు కొద్దీ గుర్రం.

అందుకని కోటు తొడిగి పిల్లను అద్దం ముందు నిలబెట్టకండి. భోజనాల బల్ల దగ్గరి కుర్చీని వెనక్కి తిప్పి, అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోమనండి. మోకాళ్లు కప్పుకుంటున్నాయా? వెనక చీలిక ఉండి, అంచులు రెండు పక్కలా దిగుతున్నాయా, లేక కోటంతా పిరుదుల కింద ముద్దవుతోందా? పగ్గాలు పట్టినట్టు చేతులు ముందుకు చాపితే మణికట్లు బయటపడుతున్నాయా? చివరగా అంచు పట్టుకుని గట్టిగా దులపండి. ఆ చప్పుడు మీకే చిరాకు తెప్పిస్తే, గుర్రానికి ఇంకెంత తెప్పిస్తుందో ఆలోచించండి.

గుడ్డ సంగతి. దళసరి పీవీసీ కోటు చవక, నీళ్లు ఆపుతుంది. కానీ చెమటనూ ఆపుతుంది. మన ఉక్కలో అరగంట స్వారీ చేస్తే వానలో తడవని పిల్ల చెమటలో తడుస్తుంది. లోపల పూత వేసిన నైలాన్ తేలిక, మెత్తన, చప్పుడు తక్కువ. చెమట ఆవిరిని బయటికి పంపుతాయనే ఖరీదైన కోట్లు చలిదేశాల్లో చేసినంత పని ఇక్కడ చెయ్యవు, ఎందుకంటే బయటి గాలే తేమతో నిండి ఉంటుంది. ఆ డబ్బుకు బదులు చంకల కింద, వీపున గాలి ఆడే సందులున్నాయో లేదో చూడండి. కోటును తిరగేసి కుట్లు చూడండి. కుట్ల మీద పట్టీ అతికి ఉండకపోతే సూది కన్నాల్లోంచే నీళ్లు దిగుతాయి.

టోపీ ఊడదీసే వీలుండాలి. హెల్మెట్ కింద అది ఇమడదు, పైన వేస్తే పక్కచూపును మూసేస్తుంది. వేలాడే తాళ్లు వద్దు, నొక్కితే పడి లాగితే ఊడే బొత్తాలు మేలు. వానకోటు గుర్రం మీద కూర్చుని వేసుకోవడం, విప్పడం ఎన్నటికీ చెయ్యకూడదని పిల్లకు గట్టిగా చెప్పండి. ఒక చెయ్యి స్లీవులో ఇరుక్కున్న క్షణంలో పగ్గాలు పట్టుకునేవాళ్లుండరు.

లాయం పనికి ఈ పొడుగు కోటు పనికిరాదు. వంగి లద్ది ఎత్తేటప్పుడు అంచు అందులోనే తేలుతుంది. అక్కడికి చవక పొట్టి జాకెట్టు, వానపాంటు, గమ్‌బూట్లు చాలు. పాంటు బూట్ల పైకి దిగాలి, బూట్లలోకి దోపితే నీళ్లన్నీ పాదాల్లోకే చేరతాయి. అవే బూట్లతో మాత్రం గుర్రం ఎక్కనివ్వకండి. వెడల్పు బూటు రికాబులో ఇరుక్కుంటే, పడ్డ పిల్లను గుర్రం ఈడ్చుకుపోతుంది. స్వారీకి చిన్న మడమ ఉన్న బూట్లే కావాలి.

దాణా ఉన్నచోట ఎలుకలుంటాయి. వాననీళ్లలో వాటి మూత్రం కలిస్తే, కాలి మీది చిన్న గాటు ద్వారా కూడా లెప్టోస్పైరోసిస్ సోకవచ్చు. గాయాలుంటే కట్టు కట్టి పంపండి, ఇంటికి రాగానే సబ్బుతో కాళ్లూ చేతులూ కడిగించండి. మట్టి, లద్ది ఉన్నచోట ధనుర్వాతం భయం కూడా ఉంటుంది. 10 ఏళ్లకు, 16 ఏళ్లకు వేయించాల్సిన టీడీ టీకా పడిందో లేదో కార్డు తీసి చూడండి. ఉరుము వినిపిస్తే ఏ కోటూ కాపాడదు, ఆ రోజుకు స్వారీ మానిపించండి.

తడిసిన కోటును మడిచి సంచిలో కుక్కితే రెండు రోజుల్లో బూజు పడుతుంది. మంచినీళ్లతో కడిగి, తిరగేసి, నీడపట్టున దండెం మీద ఆరెయ్యండి. ఆ పని పిల్ల చేతే చేయించండి.

వానలు మొదలయ్యాక కొనకండి, దసరా సెలవుల్లోనే కొనండి. పొడిగా ఉన్న ఓ ఉదయం కొత్త కోటు తీసుకుని లాయానికి వెళ్లండి. ముందు గుర్రాన్ని దాని వాసన చూడనివ్వండి, మెడకు మెల్లిగా రాయండి, దాని పక్కనే నిలబడి ఒకసారి దులపండి. చెవులు తిప్పి, మళ్లీ గడ్డిలో మూతి పెట్టిందా, ఇక బిల్లు దాచుకోనక్కర్లేదు.