తుపాను వేళ సేవ

ఉద్దేశం: యువతీయువకులు ప్రభుత్వ విపత్తు సహాయక సంస్థలతో కలిసి చేసే సేవను తెలియజేయడం.

బంగాళాఖాతం తీరవాసులకు తుపాను కొత్త కాదు. 1977 నవంబరు 19న ఆంధ్రప్రదేశ్‌లోని దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. వేలాది ప్రాణాలు నీటిపాలయ్యాయి. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని పెనుతుపాను తాకింది. గంటకు సుమారు 260 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. దాదాపు 10,000 మంది మరణించారు. హెచ్చరిక వచ్చినా అది అందరికీ చేరలేదు. చేరినచోట తలదాచుకోవడానికి గట్టి కట్టడాలు చాలలేదు.

ఆ విషాదం ఒడిశా ప్రభుత్వాన్ని మేల్కొలిపింది. 1999 డిసెంబరులోనే విపత్తులను ఎదుర్కోవడానికి ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడింది. తరవాతి సంవత్సరాలలో 800కు మించి ఆశ్రయ భవనాలు వెలిశాయి. ఉప్పెన నీరు కింది నుంచి పోయేటట్లు వీటిని స్తంభాలపై ఎత్తుగా కడతారు. మామూలు రోజుల్లో వీటిలో కొన్ని బడులుగా ఉపయోగపడతాయి.

అయితే భవనాలు తమంతట తాము మనుషులను పిలవలేవు. ఇంటింటికీ వెళ్లి పిలిచేవారు కావాలి. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, జాతీయ సేవా పథకం 37 విశ్వవిద్యాలయాలలో ప్రారంభమైంది. 'నేను కాదు, నీవు' అనేది దీని ఆదర్శవాక్యం. కోణార్క రథచక్రం దీని చిహ్నానికి ఆధారం. ఇందులో చేరినవారు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. 2016లో జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 'ఆపద మిత్ర' పథకాన్ని చేపట్టింది. ఇందులో స్థానిక యువతకు రక్షణ పనులలో, ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తారు. వీరు జిల్లా అధికారుల ఆదేశాల ప్రకారం పనిచేస్తారు.

వలంటీరు పని తుపానుకు ముందే మొదలవుతుంది. ఏ ఇంట్లో ముసలివారున్నారు, ఏ ఇంట్లో గర్భిణి ఉన్నది, నడవలేనివారు ఎవరు అన్న జాబితా సిద్ధంగా ఉండాలి. పిలవగానే అందరూ కదలరు. "వలా పడవా పోతే మా బతుకేం కాను?" అని బెస్తవాడ పెద్దలు అడుగుతారు. ఆ మాటలో నిజముంది. అందుచేత మంచి వలంటీరు వారిని కసరడు. "తాతా! ముందు పడవను పైకి లాగి కడదాం. తరవాత అందరం కలిసి వెళ్దాం" అంటాడు. ఆ పది నిమిషాల సాయం గంటసేపు చేసిన ఉపదేశం కంటె బలమైనది.

ఇక్కడ భాష విలువ తెలుస్తుంది. గంజాం తీరంలోను, పూరీలోని పెంటకోటలోను ఉన్న బెస్త కుటుంబాలలో చాలామంది మాతృభాష తెలుగు. ఒడియాలో వచ్చిన ఉత్తర్వును ఇంట్లోని అవ్వకు అర్థమయ్యేటట్లు తెలుగులో చెప్పగలవాడు అక్కడ ఎంతో అవసరం. రెండు భాషలు వచ్చినవాడు రెండు ఒడ్డులను కలిపే వంతెన వంటివాడు.

గాలి వీచే సమయంలో వలంటీరు ఎవరినీ బయటకు పోనివ్వకూడదు. తుపాను కన్ను పైకి వచ్చినప్పుడు గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. గండం గడిచిందని కొందరు బయటికి వస్తారు. కాసేపటికి గాలి ఎదురుదిక్కు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. ఈ సంగతి ముందుగా చెప్పడమే ప్రాణరక్షణ.

తరవాతి పని ఓర్పుతో కూడినది. మంచినీటిని శుద్ధిచేయించాలి. బియ్యం, బట్టలు వరుస తప్పకుండా పంచాలి. కూలిన ఇళ్ల వివరాలు రాయాలి. బంధువు పేరు ముందు రాసి, నోరులేనివాని పేరు మరిస్తే సేవ అన్యాయంగా మారుతుంది.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటింది. అంతకుముందే సుమారు 10 లక్షల మందిని సురక్షిత ప్రదేశాలకు తరలించారు. అది 1999 నాటి అంత తీవ్రమైనది కాకపోయినా భయంకరమైనదే. ఆస్తినష్టం అపారం, మరణాలు మాత్రం పదులలోనే నిలిచాయి. వాతావరణ శాఖ సూచన, అధికారుల సన్నాహం, గ్రామస్థుల సహకారం, యువత సేవ కలిస్తేనే ఇది సాధ్యమైంది. తుపానును ఆపడం మానవుని చేతిలో లేదు. పొరుగువానిని ముందుగా తట్టిలేపడం అతని చేతిలోనే ఉంది.

అభ్యాసం

అ) అర్థాలు: ఉప్పెన = పొంగి ఒడ్డుపైకి వచ్చే సముద్రపు నీరు; సన్నాహం = ముందు ఏర్పాటు; కసరు = కోపంతో మందలించు.

ఆ) ప్రశ్నలు:
1. 1999లో ప్రాణనష్టం ఎక్కువ కావడానికి కారణాలేవి?
2. తుపాను కన్ను వల్ల కలిగే ప్రమాదమేమిటి?
3. "రెండు భాషలు వచ్చినవాడు వంతెన వంటివాడు" – వివరించండి.

ఇ) మీ వీధిలో ఆపద సమయంలో ముందుగా సాయం కావలసినవారెవరో పెద్దలనడిగి జాబితా రాయండి.