తిరగని ఫ్యాన్‌ను తిట్టే ముందు

కారు హీటెక్కింది. బానెట్ ఎత్తి చూస్తే రేడియేటర్ ఫ్యాన్ కదలడం లేదు. అప్పుడు మన నోట వచ్చే మొదటి మాట ‘మోటారు పోయింది’. రెండో మాట ‘కొత్తది ఎంతవుతుంది?’ ఈ రెండు మాటల మధ్య అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. తిరగమని దానికి ఎవరైనా చెప్పారా?

అనంతపురం నుంచి కదిరి వెళ్లే రోడ్డులో ఈ రోగం ఎక్కడ బయటపడుతుందో చూడండి. బండి 80లో పోతున్నంతసేపూ ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్ అవసరమే పెద్దగా రాదు. బత్తలపల్లి నాలుగు రోడ్ల కూడలికొచ్చి, ఎండాకాలం మధ్యాహ్నం, 40 డిగ్రీల పైన ఎండలో లారీల వెనక ఆగితే చాలు, ముల్లు ఎర్రగీత వైపు లేస్తుంది. ఫ్యాన్ ఆ కూడలిలోనే చెడిపోయిందనుకుంటాం. అది ఎన్నాళ్లుగా పని చేయడం లేదో, గాలి ఉన్నంతకాలం మనకు తెలియలేదంతే.

ఫ్యాన్ తనంతట తాను తిరగదు. ఇంజిన్‌లోని కూలెంట్ వేడిని సెన్సర్ కనిపెట్టి కంప్యూటర్‌కు చెబుతుంది. వేడి 95, 100 డిగ్రీల దాకా వచ్చాక కంప్యూటర్ రిలేకు సంకేతం పంపుతుంది. రిలే కలిస్తే ఫ్యూజ్ గుండా కరెంటు మోటారుకు అందుతుంది. పాత కార్లలో రేడియేటర్‌కే బిగించిన చిన్న స్విచ్ ఈ పని చేసేది. 2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచి కియా ఫ్యాక్టరీలో తయారవుతున్న కార్లలాంటి ఇప్పటి బళ్లలో ఆజ్ఞ ఇచ్చేది కంప్యూటరే. ఇంతమంది చేతులు దాటి వచ్చే మాట మధ్యలో ఎక్కడైనా ఆగిపోవచ్చు. మనం మాత్రం చివరివాణ్ని పట్టుకుని తిడతాం.

అందుకే పని తెలిసిన మెకానిక్ వెంటనే స్పానర్ తీయడు. “అన్నా, ముందు ఏసీ ఎయ్యి” అంటాడు. చాలా కార్లలో ఏసీ వేయగానే ఈ ఫ్యాన్ కూడా తిరగాలి. తిరిగిందా, మోటారు, దాని ఫ్యూజ్, వైరు చాలావరకు బాగున్నట్టే. “మోటారు బాగుందన్నా, దానికి చెప్పేవాడే ల్యాడు” అని అప్పుడు సెన్సర్ వైపు వెళ్తాడు. కొన్ని కార్లలో ఏసీకి ఒక ఫ్యాన్, రేడియేటర్‌కు ఒక ఫ్యాన్ విడిగా ఉంటాయి కాబట్టి తిరిగింది ఏదో వంగి చూడాలి. పైసా ఖర్చు లేని ఈ ఒక్క పరీక్షతో అనుమానం సగానికి సగం తగ్గిపోతుంది. నన్నడిగితే వ్యక్తిత్వ వికాసం పుస్తకాలన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే: అదే పనిని వేరే దారిలో చేయించి చూడటం.

తొమ్మిదో తరగతి పిల్లాడు లెక్కల్లో తప్పాడు. ‘వీడికి బుర్ర లేదు’ అనేస్తాం, ట్యూషన్ మారుస్తాం. ఆ పిల్లాడే క్రికెట్ మ్యాచ్ చూస్తూ ఇంకా ఓవర్‌కు ఎన్ని పరుగులు కావాలో నోటితో చెబుతుంటాడు. అంటే మోటారు తిరుగుతోంది! లోపం బోర్డు కనపడకపోవడంలో ఉందా, ఇంగ్లిషులో ఇచ్చిన లెక్క అర్థం కాకపోవడంలో ఉందా, టీచర్‌ను అడగాలంటే భయమా అన్నది వెతకాలి. కంటి పరీక్ష చేయిస్తే పోయేదానికి ఏడాదంతా తిట్లు తిన్న పిల్లలున్నారు. వాళ్లను తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఏసీ వేసినా ఫ్యాన్ కదల్లేదనుకోండి, ఇంకా మోటారును నిందించే సమయం రాలేదు. ఫ్యూజ్ చూడండి. రిలే మీద వేలు పెట్టి టిక్కుమంటోందో లేదో గమనించండి. పక్కనే అదే నంబరున్న రిలే, తరచుగా హారన్‌ది, ఉంటే దాన్ని తీసి ఇక్కడ గుచ్చి చూడండి. కనెక్టర్ ఊడదీసి దగ్గరగా చూస్తే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉండొచ్చు, లేదా పిన్నులకు పచ్చటి చిలుము పట్టి ఉండొచ్చు. ఆ చిలుమే కరెంటును ఆపేస్తుంది. ఇవన్నీ బాగున్నాయంటేనే బ్యాటరీ నుంచి ఫ్యూజ్ పెట్టిన వైరుతో మోటారుకు నేరుగా కరెంటు ఇవ్వాలి. అప్పటికీ తిరగకపోతే మోటారు పోయినట్టే. ఇంజిన్ ఆపినా కొన్ని కార్లలో ఫ్యాన్ ఉన్నట్టుండి తిరుగుతుంది, కాబట్టి వేళ్లు, తువ్వాలు, చీర కొంగు దూరంగా ఉంచండి.

ఫ్యూజ్ మాడిందంటే కొత్తది వేసి పోవడం మరో తొందరపాటు. టొయోటా ఇంజినీరు తైచి ఓనో 1978లో రాసిన పుస్తకంలో సరిగ్గా ఈ ఉదాహరణే ఇచ్చాడు. యంత్రం ఆగింది, ఎందుకు? లోడు ఎక్కువై ఫ్యూజ్ పోయింది. లోడెందుకు ఎక్కువైంది? బేరింగుకు నూనె చాలలేదు. ఎందుకు చాలలేదు? నూనె పంపు సరిగా తోడటం లేదు. ఎందుకు? పంపు షాఫ్టు అరిగింది. ఎందుకరిగింది? జల్లెడ లేక లోహపు రజను లోపలికి పోయింది. మొదటి ప్రశ్న దగ్గర ఆగినవాడు నెలకో ఫ్యూజ్ కొంటాడు. అయిదో ప్రశ్న దాకా వెళ్లినవాడు జల్లెడ ఒకటి పెడతాడు. ఫ్యాన్‌లోనూ అంతే, దుమ్ముతో బుష్‌లు పట్టేసిన మోటారు ఎక్కువ కరెంటు లాగి ఫ్యూజ్‌ను మాడుస్తుంది. దాని బదులు లావుపాటి ఫ్యూజో, తీగముక్కో పెడితే తర్వాత మాడేది వైరింగు. మనుషుల విషయంలోనూ అంతే. ఇంట్లో భార్య చీటికిమాటికి చిరాకు పడుతోందంటే ‘కాస్త ఓర్చుకో’ అనడం లావు ఫ్యూజ్ వేయడమే. రక్తం తక్కువైందా, థైరాయిడా, నిద్ర చాలడం లేదా, పని ఒక్కతే చేస్తోందా అని అడగండి. నాడి చూడకుండా మందు రాసే డాక్టర్‌ను మనం నమ్మం. బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలో చీటీ పట్టుకుని గంటలకొద్దీ వరసలో నిలబడే ఓపిక మనకుంది. అందులో కొంత ఇంటివాళ్ల మీద చూపిస్తే చాలు.

మాట మొదలయ్యే చోటే తేడా ఉంటే? కూలెంట్ తగ్గిపోతే సెన్సర్ నీళ్లలో కాక గాలిలో ఉంటుంది, వేడి దానికి సరిగా తెలియదు. అందుకే చల్లారాక ముందు చూడాల్సింది కూలెంట్. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు. లోపల ఒత్తిడి మీద ఉన్న నీళ్లు ఒక్కసారిగా చిమ్మి ముఖం కాలుతుంది. మన ప్రాంతపు ఉప్పు బోరునీళ్లు పోస్తే లోపల పొలుసు కడుతుంది, డిస్టిల్డ్ వాటర్ కలిపిన కూలెంటే పోయండి. థర్మోస్టాట్ మూసుకుపోతే ఇంజిన్ కుతకుతలాడుతున్నా కింది హోస్ పైపు చల్లగా ఉంటుంది. పాత కార్లలో స్విచ్ రేడియేటర్‌లో ఉంటుంది కాబట్టి ఆ వేడి వార్తే దానికి చేరదు. ఆఫీసులోనూ ఇంతే, పని జరగలేదని కుర్రాడి మీద కేకలేసే మేనేజర్ ముందు తన ఫోన్ తీసి, చెప్పానని అనుకున్న మాట నిజంగా పంపాడో లేదో చూసుకోవాలి.

దారిలో ఇరుక్కుపోయారా? ఏసీతో ఫ్యాన్ తిరుగుతుంటే ఏసీ వేసుకునే నెమ్మదిగా షెడ్డు చేరండి. తిరగకపోతే ఏసీ కట్టేసి, అద్దాలు దించి, హీటర్ పూర్తిగా పెట్టండి, ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగుతుంది. ముల్లు అయినా దిగకపోతే ఆపేయండి. హెడ్ గ్యాస్కెట్ పోతే ఖర్చు ఫ్యాన్‌తో పోయేది కాదు.

మోటారు నిజంగానే పోయిందని తేలితే జంకకుండా మార్చండి. మార్చాక మాత్రం వెంటనే కదిరి రోడ్డెక్కకండి. బండిని నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచి, ఫ్యాన్ తనంతట తాను తిరిగి, ఆగి, మళ్లీ తిరిగేదాకా అక్కడే నిలబడి చూడండి. పిల్లాడికి కళ్లద్దాలు కొనిచ్చాక కూడా ఓ వారం పోయాక పక్కన కూర్చోబెట్టుకుని, “నాన్నా, బోర్డు ఇప్పుడు బాగా కనపడుతోందా?” అని అడగండి.